‘మీ అమ్మ వైపు రక్తంలోనే ఉంది’ అంటున్నారు, ఏం చేయను?

పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరుతూ కృష్ణా జిల్లా నుంచి 32 ఏళ్ల తల్లి ఒకరు పంపిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి కుదించి ఇస్తున్నాం.

ఆమెది మేనరికం. మేనమామ కొడుకునే చేసుకున్నారు. ఎనిమిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. బాబుకి నడకే ఆలస్యంగా వచ్చింది. మెట్లెక్కాలంటే కమ్మీ పట్టుకోవాలి. కింద కూర్చుంటే తొడల మీద చేతులు ఆనించుకుంటూ పైకి లేస్తాడు. ఆటల్లో ఊరికే పడిపోతాడు. పిక్కలు లావుగా కనిపిస్తుంటే పిల్లాడు పుష్టిగా ఉన్నాడని అందరూ మురిసిపోయారట. రెండేళ్ల కిందట, కండరాలు దెబ్బతింటే అంకె పెరిగే సీకే అనే రక్తపరీక్షలో అంకె వేలల్లో వచ్చింది. తర్వాత జన్యుపరీక్షలో కండరాలు క్రమంగా బలహీనపడే డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అని తేలింది. డాక్టర్లు డీఎండీ అంటారు. ఆ జన్యువులో 45 నుంచి 50 వరకు ఎక్సాన్లు, అంటే జన్యువులోని ముక్కలు, లేవని రిపోర్టులో ఉంది. స్టెరాయిడ్ మాత్రలు, ఫిజియోథెరపీ నడుస్తున్నాయి. ఇక ఆమె మాటల్లోనే:

"మా ఆయన ఒక వీడియో చూశారు. వేరే రాష్ట్రంలో ఏదో ప్రైవేటు సెంటర్‌లో స్టెమ్ సెల్స్ ఎక్కించాక ఇలాంటి పిల్లాడే చకచకా మెట్లెక్కుతున్నాడు. ఫోన్ చేస్తే ఆరు సిట్టింగులు, 11 లక్షలు అన్నారు. ఈయన ఉన్న అరెకరం బేరం పెట్టారు. మా డాక్టర్‌గారు వద్దంటున్నారు. అదే డాక్టర్‌గారు ఒక రీసెర్చ్‌లో బాబు పేరు రాయించండి, రక్తం శాంపిల్ ఇవ్వండి అని అడిగారు. దాంతో మా ఆయనకి కోపం. ‘వైద్యం చేసేచోటికి వద్దంటాడు, ఆయన ప్రయోగాలకి మాత్రం మన పిల్లాడు కావాలా’ అంటున్నారు.

అత్తయ్య ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ‘ఈ జబ్బు వాళ్లమ్మ వైపు రక్తంలోనే ఉంది’ అని చెబుతోంది. చుట్టాలేమో మేనరికం చేసుకుంటే ఇంతే అంటున్నారు. మా చిన్న మేనమామ కూడా కాళ్లు పడిపోయి పదిహేడో ఏట పోయాడట, ఆయనది పోలియో అనుకోండి.

మా చెల్లికి మాఘంలో ముహూర్తం పెట్టారు. బయటి సంబంధమే కదా, దానికేమీ కాదు, బాబు జబ్బు సంగతి పెళ్లివాళ్ల దగ్గర ఎత్తొద్దని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. చెల్లికి కూడా ‘నరాల బలహీనత’ అనే చెప్పాం. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. వీటిలో ముందు దేని సంగతి చూడాలో కూడా తెలియడం లేదు."

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదువుతూ చిన్న మేనమామ మాట దగ్గర ఆగిపోయాను. మీరు ‘పోలియో అనుకోండి’ అని దాటేశారు కానీ, మిగతా చిక్కులు విప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పోలియో సాధారణంగా జ్వరంతో వస్తుంది. కొద్దిరోజుల్లోనే ఒక కాలో చెయ్యో పడిపోతుంది, ఎక్కువగా ఒక పక్కే. ఆ తర్వాత ఏడాదికేడాది ఒళ్లంతా పాకదు. మీ మేనమామకి అలాగే జరిగిందా? లేక బాగానే తిరిగే పిల్లాడు మెల్లగా తడబడడం మొదలై, పది పన్నెండేళ్లకి నడక ఆగిపోయి, చివరికి ఊపిరి అందక పోయాడా? ఆ రోజుల్లో పల్లెల్లో కాళ్లు పడిపోయిన పిల్లలందరికీ పోలియో అనే పేరే పెట్టేవారు. ఎప్పుడో పోయిన మనిషికి ఇప్పుడు నేను జబ్బు పేరు పెట్టలేను. కానీ మీ అమ్మగారిని, మీ మామయ్యగారిని కూర్చోబెట్టి అడగండి. వాళ్లకి గుర్తుంటుంది.

ఎందుకు అడగమంటున్నానంటే, డీఎండీ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్లకి రెండు ఎక్స్‌లు, మగవాళ్లకి ఒక్కటే. ఆడమనిషికి ఒక ఎక్స్‌లో లోపం ఉన్నా రెండోది పని నడిపించేస్తుంది. ఆమెకి సాధారణంగా జబ్బు కనిపించదు, కానీ పిల్లలకి ఇవ్వగలదు. అలాంటివాళ్లని క్యారియర్ అంటారు. మగపిల్లాడికి ఆ లోపమున్న ఎక్స్ వస్తే ఆదుకోవడానికి రెండోది లేదు, జబ్బు వస్తుంది. కొడుక్కి తండ్రి ఇచ్చేది వై క్రోమోజోమ్. కాబట్టి మీ బాబు జబ్బులో మీ ఆయన పాత్ర ఏమీ లేదు. అలాగని మీ పాత్ర ఉందని కూడా ఇంకా తేలలేదు. డీఎండీ పిల్లల్లో దాదాపు మూడో వంతు మందిలో తల్లి రక్తంలో ఏ లోపమూ ఉండదు, మార్పు కొత్తగా పుడుతుంది. డీఎండీ జన్యువు మనిషి జన్యువుల్లో అతి పెద్దవాటిలో ఒకటి, 20 లక్షలకు పైగా అక్షరాల పొడవుంటుంది. అంత పొడవు జన్యువులో కొత్త మార్పులు రావడం కూడా ఎక్కువే. మీకు పరీక్ష చేశారో లేదో ఉత్తరంలో రాయలేదు. చేయకపోతే ముందు అది చేయించండి. బాబుకి ఏ భాగం పోయిందో తెలుసు కాబట్టి మీ రక్తంలో అదే భాగాన్ని చూస్తే సరిపోతుంది. ఎమ్‌ఎల్‌పీఏ అనే పరీక్ష.

మీ మేనమామది కూడా డీఎండీయే అయితే మాత్రం, లోపం మీ అమ్మమ్మ దగ్గర నుంచి వచ్చి ఉండడానికే ఎక్కువ అవకాశం. ఆ అమ్మమ్మే మీ ఆయనకి నాయనమ్మ. మీ అత్తయ్యగారు ఏ రక్తాన్ని ఆడిపోసుకుంటున్నారో, ఆవిడ భర్త పుట్టిందీ ఆ తల్లికే. ఇద్దరు కొడుకుల్లో చిన్నవాడికి లోపమున్న ఎక్స్ వచ్చింది, మీ మామయ్యగారికి మంచిది వచ్చింది. అంతకుమించి ఏమీ లేదు. ఈ మాట పట్టుకుని అత్తయ్యగారితో దెబ్బలాటకి దిగకండి. మామయ్యగారికి నెమ్మదిగా చెప్పండి. సొంత తమ్ముణ్ని దగ్గరుండి చూసిన మనిషి ఆయన. వచ్చిపోయేవాళ్ల ముందు ఆ మాటలు ఆపించగలిగేదీ ఆయనే.

మేనరికం సంగతి కూడా తేల్చేద్దాం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే వచ్చే జబ్బులు కొన్ని ఉన్నాయి. తలసీమియా, పుట్టుకతో వచ్చే చెవుడులో కొన్ని రకాలు అలాంటివి. దగ్గర సంబంధాల్లో వాటి ప్రమాదం నిజంగానే పెరుగుతుంది, అందులో చుట్టాలు చెప్పేది తప్పు కాదు. డీఎండీకి ఆ లెక్క వర్తించదు. మీరు ఏ ముక్కూమొహం తెలియని కుటుంబంలోకి కోడలిగా వెళ్లినా బాబుకి ఇది వచ్చే అవకాశం ఇంతే ఉండేది. ఇదే మాటని తిరగేస్తే మీ చెల్లి విషయం వస్తుంది.

బయటి సంబంధం కాబట్టి చెల్లికేమీ కాదని మీ అమ్మగారు ధైర్యంగా ఉన్నారు. ఆ ధైర్యానికి ఆధారం లేదు. అమ్మగారు క్యారియర్ అయితే చెల్లి కూడా అయి ఉండే అవకాశం సగం. చెల్లి క్యారియర్ అయితే, పెళ్లికొడుకు ఎవరైనా సరే, పుట్టే ప్రతి మగపిల్లాడికీ జబ్బు వచ్చే అవకాశం సగం, ప్రతి ఆడపిల్లా క్యారియర్ అయ్యే అవకాశం సగం. అమ్మగారి రక్తంలో లోపం లేదని తేలితే చెల్లి టెన్షన్ చాలావరకు తీరిపోతుంది. చాలావరకు అని ఎందుకంటున్నానంటే, అరుదుగా రక్తంలో కనిపించకుండా అండాల్లో మాత్రమే లోపం ఉండే తల్లులు ఉంటారు. అందుకే అమ్మగారి పరీక్ష బాగున్నా చెల్లి కూడా ఒకసారి చేయించుకోవడం మంచిది.

మీ ముందు మూడు దారులున్నాయి. ఒట్టుకి కట్టుబడి ఊరుకోవచ్చు. అప్పుడు పెళ్లి ఏ గొడవా లేకుండా జరిగిపోతుంది. కానీ రెండేళ్లకో మూడేళ్లకో చెల్లికి మగపిల్లాడు పుట్టి, వాడూ కమ్మీ పట్టుకుని మెట్లెక్కుతుంటే ‘అక్కా, నీకు ముందే తెలుసా’ అని ఆమె అడుగుతుంది. అప్పుడు ఆ ప్రశ్న అమ్మగారికి రాదు, మీకే వస్తుంది. రెండోది, పెళ్లయ్యాక గర్భం రాకముందు చెప్పడం. ఇందులో వైద్యపరంగా పెద్ద నష్టం లేదు, పరీక్షకి టైమ్ ఉంటుంది. అయితే కొత్త కాపురంలో, భర్తకి ఏం చెప్పాలో తెలియని స్థితిలో ఆ అమ్మాయి ఒంటరిగా ఈ బరువు మోయాలి. పైగా మీరు దాచారన్న మాట రెండు కుటుంబాల్లోనూ మిగిలిపోతుంది. మూడోది, ఇప్పుడే చెల్లికి చెప్పడం.

నేను మూడోదాని వైపే మొగ్గుతాను. చెల్లికి చెప్పాలి, పెళ్లివాళ్లకి కాదు. వాళ్లకి చెప్పాలా, ఎప్పుడు, ఎలా అన్నది ఆమె సొంత విషయం. ఆమె తరఫున మీరు వెళ్లి చెప్పడం కూడా ఆమె దగ్గర దాచడం లాంటిదే. చెప్పాక ఆమె పరీక్ష వద్దనవచ్చు. పెళ్లి అయ్యేదాకా ఏమీ తెలుసుకోదలచుకోలేదని అనవచ్చు. ఆ హక్కు ఆమెకి ఉంది, బలవంతపెట్టకండి. క్యారియర్ అని తేలినా పిల్లలు వద్దనుకోవాల్సిన పని లేదని కూడా అప్పుడే చెప్పండి. గర్భం 11 నుంచి 13 వారాల మధ్యలో మావి నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకి ఈ లోపం ఉందో లేదో చూడగలరు. లింగ నిర్ధారణని నిషేధించిన 1994 చట్టమే ఇలాంటి జన్యు జబ్బుల కోసం రిజిస్టరైన కేంద్రాల్లో గర్భస్థ పరీక్షని అనుమతిస్తుంది, ఆడో మగో మాత్రం చెప్పరు. ఐవీఎఫ్‌లో పిండాన్ని ముందే పరీక్షించి గర్భంలో పెట్టే పద్ధతి ఉంది, ఖర్చు బాగా ఎక్కువ. దత్తత ఉంది. ఏ పరీక్షా చేయించుకోకుండా కనే వాళ్లూ ఉంటారు. ఇవన్నీ తెలిశాక ఎంచుకోవడం వేరు, తెలియక ఇరుక్కోవడం వేరు.

ఇక అమ్మగారితో వేసిన ఒట్టు. ఆవిడ భయపడుతున్నది సంబంధం చెడుతుందని. అది ఉత్తుత్తి భయమేమీ కాదు, మన దగ్గర పెళ్లిళ్లు ఇంతకన్నా చిన్న విషయాలకే ఆగిపోతాయి. అందుకే ముందు ఆవిడని మీతో పాటు హైదరాబాద్ నిమ్స్‌లోని జెనెటిక్స్ విభాగానికో, సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థకో తీసుకెళ్లి కౌన్సెలర్‌తో మాట్లాడించండి. బయటి సంబంధమైనా లెక్క మారదన్న మాట మీరు చెబితే వాదన అవుతుంది, బొమ్మ గీసి వాళ్లు చెబితే వింటారు.

ఇప్పుడు మీ ఆయన సంగతి. ఆయన మీద మీకు కోపం ఉన్నట్టు ఉత్తరంలో తెలుస్తోంది. కొడుకు రోజురోజుకీ పడిపోతుంటే ఏదో ఒకటి చేయాలని తండ్రి తపన పడడంలో తప్పు లేదు. ఆయన చూసిన వీడియో కూడా అబద్ధం కాకపోవచ్చు. ఆ పిల్లాడు నిజంగానే మెట్లెక్కి ఉంటాడు. ఎందువల్ల ఎక్కాడన్నదే ప్రశ్న.

డీఎండీ గురించి బయట పెద్దగా ఎవరికీ తెలియని విషయం ఒకటి ఉంది. ఈ పిల్లలు ఆరేడేళ్ల వయసు వరకు ఏ మందూ లేకపోయినా కొంత మెరుగవుతారు. జబ్బు కండరాన్ని తినేస్తూ ఉంటుంది, ఎదిగే వయసు దాన్ని దాటుకుంటూ పోతుంది. తర్వాత కొంతకాలం నిలకడగా ఉండి కిందికి దిగుతారు. ఐదేళ్ల పిల్లాడికి ఏ ఇంజెక్షన్ ఇచ్చినా, ఏమీ ఇవ్వకపోయినా, ఆరు నెలల తర్వాత వీడియో తీస్తే బాగుపడినట్టే కనిపించవచ్చు. స్టెరాయిడ్, ఫిజియోథెరపీ కూడా పక్కనే నడుస్తూ ఉంటాయి.

దీనికి గట్టి ఉదాహరణ అమెరికా నుంచి ఉంది. అక్కడ 2023 జూన్‌లో డీఎండీకి ఒక జన్యుచికిత్సని అనుమతించారు. ఎలెవిడిస్ అంటారు, ధర 32 లక్షల డాలర్లు. దాన్ని నాలుగు నుంచి ఏడేళ్ల వయసు పిల్లలు 125 మంది మీద పరీక్షించారు. కొందరికి మందు, మిగతావాళ్లకి ఏమీ లేని ద్రవం, ఎవరికి ఏది అన్నది పిల్లలకీ పెద్దలకీ తెలియదు. ఏడాది తర్వాత లేవడం, నడవడం, మెట్లెక్కడం లాంటి పనులకి వేసే మార్కులు మందు తీసుకున్నవాళ్లకి సగటున 2.6 పెరిగాయి. ఏమీ లేని ద్రవం తీసుకున్నవాళ్లకి కూడా 1.9 పెరిగాయి! ఆ కాస్త తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చని లెక్కల్లో తేలింది. పోల్చి చూసే రెండో గుంపు లేకపోయి ఉంటే, 2.6 చూసి అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆ వీడియో తీసిన సెంటర్‌కి రెండో గుంపు లేదు. తర్వాత 2025లో, అప్పటికే నడక ఆగిపోయిన ఇద్దరు అబ్బాయిలు ఈ మందు తీసుకున్నాక కాలేయం దెబ్బతిని చనిపోయారు. దాంతో నడవలేని పిల్లలకి ఇవ్వడం ఆపేశారు. ఇన్ని తనిఖీల మధ్య జరిగే చికిత్సలోనే ఇలా ఉంటే, ఎవరూ లెక్క అడగనిచోట ఏం జరిగిందో మనకి తెలిసే దారే లేదు.

స్టెమ్ సెల్స్ అంటే వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు. వాటితో అసలు ఇబ్బంది ఏమిటంటే, మనిషి ఒంట్లో 600కి పైగా కండరాలున్నాయి. ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం కూడా వాటిలో ఒకటి. వాటికి తోడు గుండె. నరంలోకో వెన్నులోకో ఎక్కించిన కణాలు వీటన్నిటికీ చేరి, బతికి, కండరంగా మారి, ఈ పిల్లల్లో కొరవడిన డిస్ట్రఫిన్ అనే ప్రోటీన్ తయారుచేయాలి. బాబు సొంత కణాలే తీసి ఎక్కిస్తే వాటిలోనూ అదే లోపం ఉంటుంది. 1990లలో ఆరోగ్యవంతుల కండర కణాలు తీసి డీఎండీ పిల్లల కండరాల్లోకి నేరుగా ఎక్కించి చూశారు. ఎక్కువ కణాలు కొద్దిరోజుల్లోనే చచ్చిపోయాయి, మిగిలినవి సూది గుచ్చిన చోటు దాటి పోలేదు. అలాగని కణచికిత్స అంతా మోసమని అనను. గుండె కణాల నుంచి తయారుచేసినది ఒకటి అమెరికాలో పరీక్షల్లో ఉంది. దానికి కూడా 2025 జూలైలో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఉన్న ఆధారాలు చాలవని అనుమతి ఇవ్వకుండా వెనక్కి పంపింది.

మన దేశంలో నియమం స్పష్టంగానే ఉంది. రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకి చేసే మూలకణాల మార్పిడి తప్ప, మిగతా జబ్బులకి స్టెమ్ సెల్స్ వాడకం అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే, అంటే చికిత్సని మనుషుల మీద పద్ధతిగా పరీక్షించే అధ్యయనంలోనే, జరగాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతాయి. ట్రయల్‌లో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. మీ ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. ఎవరు మన పిల్లాడి మీద ప్రయోగం చేస్తున్నారు? రుజువు కాని కణాలని 11 లక్షలు తీసుకుని ఎక్కించేవాళ్లు. అందులో ఎథిక్స్ కమిటీ ఉండదు, బాబుకి ఏమైనా అయితే పరిహారం ఉండదు, ఫలితాన్ని ఎక్కడా రాయరు. అదే సరైన ట్రయల్ అయితే ఖర్చు వాళ్లది, 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం హాని జరిగితే వైద్యం, పరిహారం కూడా వాళ్ల బాధ్యత.

ఆయనకి నా మాటో డాక్టర్‌గారి మాటో చెప్పి ఒప్పించాలని చూడకండి. ఆ సెంటర్‌కి ఆయన చేతే మళ్లీ ఫోన్ చేయించండి. సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో మీ ట్రయల్ నంబర్ ఎంత అని అడగమనండి. 2009 జూన్ నుంచి ప్రతి ట్రయల్ అందులో నమోదు కావాలి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నంబర్ ఇస్తే, ట్రయల్ అయితే డబ్బెందుకు అని అడగమనండి. నంబర్ ఉన్నంత మాత్రాన మందు పనిచేస్తుందని కాదు, నమోదైందని మాత్రమే. ఎక్కించేది ఎవరి కణాలు, మత్తు ఇస్తారా, ఆరేళ్ల కిందట చేయించుకున్న పిల్లలు ఇప్పుడెలా ఉన్నారు అని అడగమనండి. ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబు ఆయన చెవులతో ఆయనే వినాలి.

అన్నీ విన్నాక కూడా వెళ్దామంటే? పొలం పోతుంది, ఇన్ఫెక్షన్ ప్రమాదం ఉంటుంది, ముందుముందు మంచి ట్రయల్ ఏదైనా వస్తే ఇలాంటి కణాలు ఎక్కించుకున్న పిల్లల్ని చేర్చుకోకపోవచ్చు. వెళ్లకపోతే, చేయగలిగింది చేయలేదన్న బాధ ఆయన్ని తొలుస్తుంది. అదీ చిన్నది కాదు. ఆ పొలం డబ్బు అవసరమయ్యే రోజులు నిజంగానే వస్తాయి. వీల్‌చైర్, ఇంట్లో వాలుదారి, పెద్ద బాత్రూమ్ తలుపు, ఒక వయసు దాటాక రాత్రిపూట ఊపిరికి సాయపడే బైపాప్ మెషీన్. అది బాబు కోసమే ఉంచిన పొలమని ఆయనకి అనిపిస్తే కాస్త నిమ్మళిస్తారు.

డాక్టర్‌గారు అడిగిన రీసెర్చ్ గురించి. ఉత్తరంలో మీరు రాసినదాన్ని బట్టి అది మందు పరీక్ష కాదు, పిల్లల వివరాలు, శాంపిల్స్ సేకరించి జబ్బు తీరు గమనించే అధ్యయనం. దానివల్ల బాబుకి రేపే మేలు జరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మరి ఎందుకంటే, ఈ జబ్బు గురించి తెలిసినదంతా ఇలా ఇచ్చిన కుటుంబాల వల్లే తెలిసింది. 1980లలో అమెరికాలో ఎక్స్ క్రోమోజోమ్‌లో పెద్ద ముక్క పోయిన ఒక అబ్బాయి డీఎన్‌ఏ ఆధారంగానే లూయీ కుంకెల్ బృందం ఈ జన్యువుని పట్టుకుంది. 1987లో డిస్ట్రఫిన్ ప్రోటీన్‌ని గుర్తించారు. 1990లో బ్రిటన్ పరిశోధకులు ఒక కుటుంబాన్ని గురించి రాశారు. అందులో ఒకాయనకి ఈ జన్యువులో దాదాపు సగం, 46 శాతం లేదు. అయినా 61 ఏళ్ల వయసులో నడుస్తూనే ఉన్నాడు!

సగం పోయినాయన నడవడం, ఆరు ఎక్సాన్లే పోయిన మీ బాబు మెట్లెక్కడానికే కష్టపడడం వింతగా అనిపిస్తుంది. ఈ జన్యువుని 79 పెట్టెల రైలనుకోండి. మధ్యలో కొన్ని పెట్టెలు తీసేసినా, మిగిలిన రెండు చివర్ల కొక్కేలు ఒకదానికొకటి పడితే రైలు పొట్టిదైనా కదులుతుంది. ఆయనకి పడ్డాయి. మీ బాబుకి 44వ పెట్టె కొక్కెం 51వ దానికి పడదు. వెనకవన్నీ ఉండీ పనికిరాకుండా పోయాయి. 51ని కూడా తప్పిస్తే 44కి 52 పడుతుంది. ఎక్సాన్ స్కిప్పింగ్ అంటే అదే, డీఎండీ పిల్లల్లో 13 శాతం మందికి ఈ 51 తప్పించడం సరిపోతుంది. మీ బాబు వాళ్లలో ఒకడు. దీనికి ఎటెప్లిర్సెన్ అనే మందుని అమెరికా 2016లో అనుమతించింది. ప్రతివారం నరంలోకి ఎక్కించాలి. అయితే దానివల్ల పెరిగిన డిస్ట్రఫిన్ మామూలు మనిషిలో ఉండేదాంట్లో ఒక శాతం కూడా లేదు. యూరప్ 2018లో అనుమతి నిరాకరించింది. కాబట్టి దాని కోసం అప్పుల పాలు కావద్దు. కానీ ఈ దారిలో ఇంకా మెరుగైన మందుల కోసం పని నడుస్తోంది, ఫలానా లోపమున్న పిల్లలు ఫలానా చోట ఉన్నారని పేరు నమోదై ఉంటేనే రేపు పిలుపు వస్తుంది. పేరు రాయించమని నేను అనడానికి పెద్ద కారణం ఇదే.

సంతకం పెట్టేముందు పత్రం తెలుగులో ఇమ్మనండి, ఇంటికి తెచ్చుకుని చదవండి. శాంపిల్ ఎన్నాళ్లు దాస్తారు, ఎవరికి ఇస్తారు, ఏమైనా తెలిస్తే మాకు చెబుతారా అని అడగండి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, తప్పుకున్నందుకు బాబు వైద్యం ఆగకూడదు. ఏడేళ్లు దాటిన పిల్లల్ని నోటిమాటగానైనా అడగాలని ఐసీఎంఆర్ నియమం. అంటే బాబుని కూడా అడుగుతారు. దానికైనా వాడికి జబ్బు సంగతి కొంత తెలియాలి. ‘నీ కండరాలకి బలం తక్కువ, అది నీ తప్పు కాదు, అందుకే మాత్రలు వేసుకుంటున్నావు’ అన్నంతవరకు ఎనిమిదేళ్ల వాడికి చాలు. తగ్గిపోతుందని మాత్రం మాట ఇవ్వకండి.

ఈ గొడవల్లో వెనకబడిపోతున్నవి కొన్ని గుర్తుచేస్తాను. వీడియోల్లోకి ఎక్కని స్టెరాయిడ్ మాత్రలే ఇప్పటికీ నడకని కొన్నేళ్లు పొడిగిస్తాయని రుజువైన మందు. బరువు పెరగడం, ఎముకలు పలచబడడం, ఎత్తు తగ్గడం లాంటి ఇబ్బందులున్నాయి, వాటిని డాక్టర్ కనిపెడుతూ ఉండాలి. మాత్రలు ఒక్కసారిగా మానేయకూడదు, అది ప్రాణాపాయం. లక్షణాలు లేకపోయినా గుండె పరీక్ష ఏడాదికోసారి చేయించాలి. స్టెరాయిడ్లు, గుండె మందులు, ఊపిరికి సాయం వల్ల ఒకప్పుడు ఇరవై లోపే పోయే పిల్లలు ఇప్పుడు మంచి సంరక్షణ ఉన్నచోట ముప్పైల్లోకి వెళ్తున్నారు. బడిలో క్లాసు మేడ మీద ఉంటే కిందికి మార్పించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మస్క్యులర్ డిస్ట్రఫీ పేరు ఉంది, అడగడం మీ హక్కు. సదరం సర్టిఫికెట్ తీసుకోండి. మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన తీవ్ర కేసులకి ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకి 15,000 పింఛను ఇస్తున్నారు. అరుదైన జబ్బులకి కేంద్రం 50 లక్షల వరకు ఇచ్చే పథకానికి మన దగ్గర నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి నోడల్ కేంద్రం. ఏ చికిత్సకి ఇస్తారో వాళ్లే తేలుస్తారు కాబట్టి, పొలం అమ్మే ముందు మీ ఆయన ఒకసారి అక్కడికి వెళ్లి అడిగి రావాలి.

పాపకి ఇప్పుడు క్యారియర్ పరీక్ష వద్దు. పెద్దయ్యాక తనే నిర్ణయించుకుంటుంది. మీరు క్యారియర్ అని తేలితే మాత్రం మీ గుండెకీ అప్పుడప్పుడు ఎకో తీయించుకోవాలి, కొందరు క్యారియర్లలో గుండె కండరం బలహీనపడుతుంది. మీ అమ్మగారికీ ఇదే వర్తిస్తుంది. ఆవిడని హైదరాబాద్ తీసుకెళ్లడానికి ఇదొక మంచి సాకు కూడా.

ఇంకొకటి, రేపే చేయండి. ఒక చిన్న కార్డు మీద డీఎండీ అని, వాడుతున్న స్టెరాయిడ్ పేరు, డాక్టర్ ఫోన్ నంబర్ రాసి బాబు స్కూలు బ్యాగులో ఒకటి, మీ పర్సులో ఒకటి పెట్టండి. పన్ను పీకించాలన్నా, పడి చెయ్యి విరిగినా, ఏ కారణంతోనైనా మత్తు ఇవ్వాల్సి వస్తే ముందే ఆ కార్డు చూపించండి. సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్, పీల్చే మత్తుమందులు ఈ పిల్లలకి గుండె ఆగిపోయేంత ప్రమాదం తెస్తాయి. వేరే సురక్షితమైన మత్తులున్నాయి, చెబితే వాళ్లు అవే వాడతారు.